అరుంధతి కనిపించిందా?

తలంబ్రాల సందడి అయ్యాక పురోహితుడు కొత్త దంపతుల్ని మండపం బయటికి తీసుకొస్తాడు. పైన ఎండ మండిపోతుంటుంది. వేలు ఆకాశంవైపు చూపించి ‘అదిగో అరుంధతి, కనిపించిందా?’ అంటాడు. పెళ్లికొడుకు తలూపుతాడు. పెళ్లికూతురు ఇంకాస్త సిగ్గుగా తలూపుతుంది. వెనకాల బావమరుదులు కిసుక్కున నవ్వుతారు. ‘ఇంకోసారి వేలు చూపించండి పంతులుగారూ’ అంటాడు ఫొటోగ్రాఫరు. అంతే, తంతు అయిపోతుంది. అరుంధతిని ఎవరూ చూడలేదు. చూడలేదన్న సంగతి అందరికీ తెలుసు.

నిజంగా చూడాలంటే పెద్ద కష్టమేం కాదు. వేసవి రాత్రుల్లో ఉత్తరం దిక్కున గరిటె ఆకారంలో సప్తర్షి మండలం కనిపిస్తుంది. గరిటె కాడలో చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని మసకగా ఇంకో చుక్క. అదే అరుంధతి. చూపు బాగున్నవాళ్లకు మామూలు కంటికే అందుతుంది. అక్కడి వెలుగు మన కంటిదాకా రావడానికి ఎనభై ఏళ్లు పైనే పడుతుంది. అంటే ఈ రాత్రి పెళ్లికూతురు చూసే అరుంధతి, వాళ్ల తాతమ్మ పెళ్లినాటిదన్నమాట!

ఈ తలూపుడు పెళ్లిళ్లతో ఆగిపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆగడం లేదు. సాయంత్రం ఆరున్నరకు కొత్తపేట చౌరస్తాలో నిలబడి చూడండి. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి, ఎల్బీనగర్ వైపు నుంచి పుస్తకాల సంచులతో పిల్లలు వస్తూనే ఉంటారు. ఒక ట్యూషన్ వదిలి ఇంకో కోచింగ్‌కు. గోడల మీద, ఆటోల వెనక, బస్‌స్టాపుల్లో ర్యాంకుల ఫొటోలు. ఆ పిల్లల్లో ఒకరిని ఆపి శనిగ్రహం సాంద్రత నీటికన్నా ఎక్కువా, తక్కువా అని అడిగితే టక్కున ‘తక్కువ’ అంటారు. కెప్లర్ మూడో నియమం చెప్పమంటే చెబుతారు. లెక్క ఇస్తే నిమిషంన్నరలో నాలుగు ఆప్షన్లలోంచి సరైనది టిక్కు పెడతారు. ‘మరి శనిగ్రహాన్ని చూశావా?’ అంటే మాత్రం.. పుస్తకంలో బొమ్మ చూశామంటారు.

తప్పు పిల్లలది కాదు. వాళ్లను ఆకాశం కిందికి తీసుకెళ్లి, తల పైకెత్తమన్నవాళ్లు లేరు.

తొమ్మిదో తరగతి మలుపు

పిల్లలకు ఆకాశం మీద ఆసక్తి లేదనడం అన్యాయం. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ చందమామ దక్షిణ ధ్రువం దగ్గర దిగినప్పుడు బడుల్లో టీవీల ముందు పిల్లలు చేసిన గోల ఇంకా చెవుల్లో ఉంది. ఆ రోజునే తర్వాత జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించారు. మూడో తరగతి పిల్లాడికి రాకెట్టు బొమ్మ ఇస్తే అన్నం మానేసి ఆడుకుంటాడు. అయిదో తరగతిలో చందమామ మీద మచ్చలేమిటని అడుగుతాడు. ఏడో తరగతిలో బ్లాక్‌హోల్ అంటాడు. తొమ్మిదికి వచ్చేసరికి ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. ప్రశ్నలు ఆగిపోతాయి. అక్కడి నుంచి జవాబులే ఉంటాయి.

ఇస్రో కూడా సరిగ్గా ఈ తొమ్మిదో తరగతినే పట్టుకుంది. 2019లో ‘యువిక’ అనే కార్యక్రమం ప్రారంభించింది. యువ విజ్ఞాని కార్యక్రమ్ అన్నది పూర్తి పేరు. వేసవి సెలవుల్లో రెండు వారాలపాటు తొమ్మిదో తరగతి పిల్లల్ని తన కేంద్రాల్లో ఉంచుకుని, శాస్త్రవేత్తలతో మాట్లాడించి, ల్యాబులు చూపించి, చేతులతో పనులు చేయిస్తుంది. మొదటి ఏడాది ప్రతి రాష్ట్రం నుంచి ముగ్గురు చొప్పున తీసుకున్నారు. కరోనా కాలంలో రెండేళ్లు ఆగి 2022లో మళ్లీ మొదలైంది. తర్వాత సీట్లూ పెరిగాయి. మనకు దగ్గర్లోని శ్రీహరికోట, హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ కూడా పిల్లలకు ఆతిథ్యమిచ్చిన కేంద్రాలే. బస, భోజనం వాళ్లదే. పిల్లకు, వెంట వచ్చే పెద్దకు రైలు ఛార్జీలూ ఇస్తారు.

సీటు ఎలా వస్తుంది? ఎనిమిదో తరగతి మార్కులకు సగం వెయిటేజీ. మిగతా సగంలో ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లు, ఒలింపియాడ్లు, ఆటలు, స్కౌట్స్, ఎన్‌సీసీ. పంచాయతీ పరిధిలోని బడిలో చదివేవారికి 15 శాతం ప్రత్యేకంగా కలుస్తుంది. న్యాయమే. అయితే కొత్తపేట బస్తీలో పండ్ల బండి పెట్టుకున్న తండ్రి కూతురికి ఆ 15 రాదు. ఆమె నగరవాసి లెక్క! సైన్స్ ఫెయిర్‌కు ఆ పిల్లను తీసుకెళ్లే మాస్టారుంటే సరే. లేకపోతే అక్కడా సున్నే.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, దేశమంతటికీ కలిపి కొన్ని వందల సీట్లు. తెలుగు రాష్ట్రాల్లో తొమ్మిదో తరగతి చదివేవారు లక్షల్లో. యువిక మంచిదే కానీ కొత్తపేట పిల్లలకు అది ఆకాశం కాదు, లాటరీ. మిగతావాళ్ల సంగతేమిటన్నదే అసలు ప్రశ్న.

డబ్బున్నవాళ్లకు ఇంకో దారుంది. లక్షలు పోసి అమెరికా తీసుకెళ్లి నాసా కేంద్రాలు చూపించే ‘స్టడీ టూర్లు’ కొన్ని ప్రైవేటు బడులు నడుపుతుంటాయి. రాకెట్ పక్కన ఫొటో, సర్టిఫికెట్, తిరిగొచ్చాక బడి ముందు ఫ్లెక్సీ. వెళ్లినవాళ్లకు ఆనందమే, కాదనలేం. అయితే గ్రహాల్ని చూడ్డానికి ఫ్లోరిడా దాకా పోనక్కర్లేదు. అవి కొత్తపేట మేడల మీదా కనిపిస్తాయి.

అబ్జర్వేటరీ పక్కింటి పిల్లాడు

హైదరాబాద్‌కు ఆకాశం కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో చదువుకున్న ఆయన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. దానికి అప్పటి నిజాం పేరు పెట్టి నిజామియా అన్నారు. నవాబుగారి తదనంతరం అది ప్రభుత్వం చేతికి వచ్చి, 1908లో బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వెళ్లింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి, చుక్క చుక్కకూ లెక్క రాసే ప్రపంచ స్థాయి పనిలో దాదాపు ఇరవై అబ్జర్వేటరీలు పాలుపంచుకుంటే, వాటిలో హైదరాబాద్ ఒకటి. లక్షల నక్షత్రాల స్థానాలు ఇక్కడ కొలిచారు. కంప్యూటర్లు లేని రోజుల్లో, గాజు పలకల మీద, చేత్తో.

ఆ అబ్జర్వేటరీలో అసిస్టెంటుగా పనిచేసిన బప్పుగారికి ఒక కొడుకు. 1927లో పుట్టాడు. తండ్రి ఉద్యోగం పుణ్యమా అని టెలిస్కోపు దగ్గరే పెరిగాడు. నిజాం కాలేజీలో చదువుతూనే రాత్రిళ్లు వెలుగు మారే నక్షత్రాల్ని గమనించి, రాసుకుని, వ్యాసాలు ప్రచురించాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. అక్కడ 1949లో కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. ఆయనే వేణు బప్పు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ ఆయన చలవే. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యారు. కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు.

వేణు బప్పు మేధావి, సందేహం లేదు. కానీ తండ్రి ఏ రెవెన్యూ ఆఫీసులోనో గుమాస్తా అయి ఉంటే? టెలిస్కోపు చేతికందే దూరంలో ఉండటం, చూడనిచ్చేవాళ్లు ఉండటం.. ఈ రెండూ కుదిరాయి కాబట్టి ఆ పిల్లాడు పైకి చూశాడు. ఎందరు పిల్లలకు ఈ రెండూ కుదురుతాయి?

బేగంపేట చుట్టూ ఊరు పెరిగి, వీధి దీపాలు పెరిగి ఆకాశం వెలిసిపోయాక ఉస్మానియావాళ్లు చీకటి వెతుక్కుంటూ బయల్దేరారు. దొరికింది ఎక్కడో తెలుసా? మన ఎల్బీనగర్ నుంచి వెళ్లే సాగర్ రోడ్డు మీదే! ఇబ్రహీంపట్నం దాటాక జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1968లో అది పనిలోకి దిగింది. అప్పటికి దేశంలోని అతి పెద్ద టెలిస్కోపుల్లో ఒకటది. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం రంగాపూర్ మీదుగా వెళ్లింది. జనం తలుపులు వేసుకుని ఇళ్లల్లో కూర్చుంటే, శాస్త్రవేత్తలు పరికరాలు తీసుకుని ఆ గుట్ట ఎక్కారు.

తర్వాత అక్కడికీ వెలుగులు వచ్చాయి. టెలిస్కోపు పాతబడింది, పట్టించుకునేవాళ్లు తగ్గారు. చాలా ఏళ్లు ఆ గుమ్మటం మూతపడి ఉండిపోయింది. కొత్తపేట నుంచి గంట, గంటన్నర ప్రయాణం. ఆదివారం వస్తే సాగర్ రోడ్డులో ఫామ్‌హౌస్‌లకూ, రిసార్టులకూ కార్లు బారులు తీరుతాయి. దారిలో ఆ గుట్ట మీద ఏముందో కార్లలోని పిల్లలకు చెప్పేవారుండరు. చెబితే ఏం పోయింది?

ఆకాశం నుంచి వచ్చిన పాఠం

ఈ దేశంలో అంతరిక్షం మాస్టార్లకు సాయం చేసిన కథ చాలా పాతది. మనం మరిచిపోయాం. 1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలైంది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు నేరుగా టీవీ పాఠాలు. వాటిలో మన పల్లెలూ ఉన్నాయి. తెలుగులో కార్యక్రమాలు తయారుచేసే కేంద్రం హైదరాబాద్‌లోనే పెట్టారు. కోళ్లగూటికి వాడే లాంటి ఇనుప జాలీతో పది అడుగుల గొడుగు చేసి బడి పక్కన నిలబెట్టారు. అదే యాంటెన్నా! కరెంటు లేని చోట బ్యాటరీతో నడిపారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ.

దానిలో ఒక గొప్ప సంగతి ఉంది. పిల్లలకు పాఠాలు చూపించి ఊరుకోలేదు. దాదాపు 50 వేల మంది ప్రైమరీ టీచర్లకు సైన్స్ ఎలా చెప్పాలో ఆ ఉపగ్రహం ద్వారానే శిక్షణ ఇచ్చారు. టీవీ చూడటం, రేడియో వినడం, తర్వాత పల్లెలో దొరికే వస్తువులతో ప్రయోగాలు చేయడం.. మూడూ కలిపి. తాటాకు బడిలో సుద్దముక్క పట్టుకున్న మాస్టారికి భూమికి 36 వేల కిలోమీటర్ల పైనుంచి శిక్షణ! అంతరిక్షాన్ని పాఠంగా చెప్పడానికి ముందే, మనవాళ్లు దాన్ని పాఠం చెప్పే పనిముట్టుగా వాడేశారు. 1976 జులై 31న ఏడాది గడువు ముగిసి, ఉపగ్రహాన్ని తిరిగి ఇచ్చేశారు.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. కేవలం చదువు కోసం మన దేశం పంపిన తొలి ఉపగ్రహం. ఆరేళ్లు పనిచేసి 2010లో సెలవు తీసుకుంది. ఇటు ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ నడిచింది. తెలంగాణలో 2017లో అదే టీ-శాట్ అయింది. కరోనా రోజుల్లో బడులు మూతపడ్డప్పుడు వేలాది ఇళ్లల్లో పాఠం వినిపించింది అదే.

అయితే ఒక చిత్రం గమనించండి. పాఠం ఉపగ్రహం మీదుగా వస్తోంది. పిల్లాడు తల వంచుకుని తెర చూస్తున్నాడు. ఆ పాఠం ఎక్కడి నుంచి దిగిందో చూడ్డానికి కిటికీ తీయడం లేదు.

ఇంటర్నెట్ వచ్చాక మాస్టార్లకు దొరికే సామగ్రికి కొదవ లేదు. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది, కాకపోతే చాలామటుకు ఇంగ్లిషులో. తెలుగులో అయితే జన విజ్ఞాన వేదిక వారి ‘చెకుముకి’ పత్రిక ఉంది. ఆ పేరుతోనే పిల్లలకు పోటీ పరీక్షలూ పెడుతున్నారు. ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు. శ్రీహరికోట షార్ కేంద్రం తెలుగు జిల్లాల్లో ప్రదర్శనలు, క్విజ్‌లు పెడుతుంది. రాకెట్ ప్రయోగం కళ్లారా చూడాలంటే 2019 నుంచి శ్రీహరికోటలో గ్యాలరీ ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, టికెట్టు లేదు.

వీటికన్నా కొత్తపేట పిల్లలకు దగ్గరిది ఒకటుంది. ఎన్ఆర్ఎస్‌సీవారు 2009లో తెచ్చిన ‘భువన్’. ఉపగ్రహాలు తీసిన మన నేల చిత్రాల్ని అందులో ఎవరైనా చూడొచ్చు. బడిపిల్లల కోసం పాఠాలతో ముడిపెట్టిన విభాగమూ ఉంది. దీన్ని తెరిచి సరూర్‌నగర్ చెరువు చూపించాలి. 1626 నాటి చెరువు. పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెడితే ఆకుపచ్చ ఎక్కడ పోయిందో, కాలనీలు ఎక్కడ లేచాయో పిల్లలే వేలుపెట్టి చూపిస్తారు. 2020 అక్టోబరు వానలకు చెరువు కింది కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లెందుకొచ్చాయో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆ రాత్రి మేడ మీదికి మంచాలు మోసినవాళ్ల పిల్లలే కదా క్లాసులో ఉన్నది! అంతరిక్ష విజ్ఞానమంటే రాకెట్టు పొగ ఒక్కటే కాదని అర్థమవడానికి ఇంతకన్నా పాఠం ఏం కావాలి?

బిర్లా ప్లానెటోరియం సంగతి వేరే చెప్పాలా! 1985 సెప్టెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రారంభించారు. నౌబత్ పహాడ్ మీది ఆ గుమ్మటం కింద వాలుకుర్చీలో పడుకుని తెలుగులో ఆకాశం కథ విన్న పిల్లలు ఇవాళ తండ్రులయ్యారు, తల్లులయ్యారు. అప్పట్లో కొత్తపేట నుంచి రెండు బస్సులు మారాలి. 2018 నుంచి చైతన్యపురిలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా అసెంబ్లీ దగ్గరో, లక్డీకాపూల్ దగ్గరో దిగిపోవచ్చు. ఒక టీచరు ముప్పై మంది పిల్లల్ని ఒక పూటలో చూపించి తీసుకురావచ్చు. ఛార్జీలు ఎవరిస్తారు, అనుమతి ఎవరిస్తారు, పిల్లాడు ప్లాట్‌ఫారం మీద తప్పిపోతే బాధ్యత ఎవరిది.. ఈ మూడు ప్రశ్నల దగ్గరే చాలా ప్రయాణాలు ఆగిపోతాయి. మాస్టార్లను తప్పుపట్టడం తేలిక. సిలబస్ పూర్తి చేయాలి, రికార్డులు రాయాలి, పరీక్షల మార్కులు అప్‌లోడ్ చేయాలి. వీటి మధ్య ఆకాశానికి పీరియడ్ ఏది?

నీడ చెప్పే లెక్క

అయినా చేయదలిస్తే దారులున్నాయి. పైసా ఖర్చు లేనివి.

కొత్తపేటలో పాలపుంత కనిపించదు. ఆశ పెట్టుకోనక్కర్లేదు. షాపుల లైట్లు, హోర్డింగులు దాన్ని మింగేశాయి. కానీ చందమామను, శుక్రుణ్ని, గురుణ్ని, శనిని ఏ లైట్లూ మింగలేవు. ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరకు చిన్న టెలిస్కోపు వస్తుంది. బడికి ఒకటుంటే చాలు. దానిలోంచి చందమామ గుంటలు, గురుడి నాలుగు చందమామలు, శని వలయాలు కనిపిస్తాయి. ఆ వలయాల్లోనూ ఒక తమాషా ఉంది. సుమారు 15 ఏళ్లకోసారి అవి అంచు మన వైపు తిప్పుతాయి. 2025 మార్చిలో అదే జరిగింది. ఆ కాలంలో టెలిస్కోపులో చూస్తే వలయం సన్నటి గీతలా ఉంటుంది తప్ప పుస్తకంలో బొమ్మలా ఉండదు. తర్వాత ఏడాదికేడాది విచ్చుకుంటూ వస్తుంది. ‘సార్, పుస్తకంల బొమ్మ తప్పా?’ అని ఒక పిల్లాడు అడిగాడంటే ఆ రోజు జీతం గిట్టినట్టే.

ఇబ్బందల్లా సాయంత్రం. ఏడు దాటాక ఆడపిల్లల్ని బడిలో ఉంచుతామంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. బడి కాకపోతే అపార్టుమెంటు మేడ. అక్కడ నానమ్మలు, తల్లులు, వాచ్‌మన్ కుటుంబం అందరూ ఉంటారు. పండగలకు కలిసి వంటలు చేసుకునే అసోసియేషన్లు ఏడాదికి రెండు రాత్రులు దీనికివ్వలేవా? పైన ట్యాంకు పక్కన నిలబడి, చేయి ముందుకు చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఉత్తరాన నేల అంచు నుంచి ఒక పిడికిలి, దాని మీద ఇంకో ముప్పావు పిడికిలి. అక్కడుంటాడు ధ్రువుడు. పదిహేడు డిగ్రీల ఎత్తు. అదే హైదరాబాద్ అక్షాంశం కూడా! అట్లాసులో బట్టీపట్టిన అంకె ఆకాశంలో పిడికిలితో దొరుకుతుంది. అయితే ఎదుటి అపార్టుమెంటు అడ్డు రాకూడదు, అదొక్కటే షరతు.

రాత్రి కుదరకపోతే పగలు. ఎనిమిదో తరగతి పుస్తకంలో కర్ర పాతి, నీడ కొలిచి, స్థానిక మధ్యాహ్నం ఎప్పుడో కనుక్కునే కృత్యాన్ని పాఠంలోనే ఇచ్చారు. చాలా బడుల్లో దాన్ని చదివి వినిపించి ముందుకెళ్తారు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని మన నమ్మకం. హైదరాబాద్‌లో అలా జరిగేది ఏడాదికి రెండే రెండు రోజులు. మే 9 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకొకటి. ఆ రోజుల్లో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మేలో 12 గంటల 12 నిమిషాలకు, ఆగస్టులో 12 గంటల 22, 23 నిమిషాలకు నీడ వచ్చి కర్ర కాళ్లలో దూరిపోతుంది. ఆ రెండు తేదీల మధ్య ఇంకో విడ్డూరం.. సూర్యుడు మనకు ఉత్తరానికి వెళ్తాడు, మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది.

మే 9న తిరుపతిలో బంధువులుంటే వాళ్లకో ఫోన్. కొత్తపేటలో ఏ కుటుంబానికి తిరుపతి వెళ్లేవాళ్లుండరు గనక! అక్కడ మీటరు కర్ర పాతి, దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలవమనాలి. ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. ఇక్కడ సున్నా. ఆ నీడను బట్టి లెక్కేస్తే రెండు ఊళ్ల మధ్య కోణం సుమారు 3.74 డిగ్రీలు. ఉత్తర, దక్షిణాల దూరం సుమారు 415 కిలోమీటర్లు. మ్యాపు మీద నిలువుగా కొలవాలి, బస్సు దూరం వేస్తే లెక్క తప్పుతుంది. మూడు వందల అరవైని 3.74తో భాగించి, 415తో గుణిస్తే దాదాపు 40 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత! రెండువేల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసింది ఇదే. కావలసినవి రెండు కర్రలు, ఒక ఫోను.

చిక్కెక్కడంటే మే 9న బడులకు సెలవులు. మామిడిపండ్ల కాలం, పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లల్లో ఉంటారు. ఆగస్టు 3కి బడులుంటాయి కానీ శ్రావణం ముసురు. ఆకాశం ఉండీ లేనట్టే. ఇక్కడే చాలామంది మాస్టార్లు ‘ఈసారికి కాదులే’ అని వదిలేస్తారు. వదలక్కర్లేదు. మీటరు కర్ర నీడ ఆ రోజుల్లో రోజుకు అరసెంటీమీటరే మారుతుంది. ఆగస్టు 3న మబ్బు పట్టినా, ముందు మూడు రోజులు, వెనక మూడు రోజులు నీడ ఒకటిన్నర సెంటీమీటరు దాటదు. వారంలో ఏదో ఒక మధ్యాహ్నం పది నిమిషాలు ఎండ రాకపోదు. మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే దారం గుండు ఒకటి తెచ్చి కర్ర వంకర లేకుండా నిలబెట్టుకోవాలి. పన్నెండుంబావుకు గ్రౌండులోకి పిల్లల్ని వదలడానికి హెడ్మాస్టరు ఒప్పుకోవాలి. మధ్యాహ్న భోజనం గంట కొట్టేలోపు అయిపోతుంది.